పాఠం చెప్పే స్వరకర్తకు ఒక ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. శిష్యులు పెరిగారు, సొంతంగా స్వరపరచుకోవడానికి టైం దొరకడం లేదు, పాఠాలు మానేయనా అని అడిగావు. మానేయకు నాయనా. రోజును మాత్రం తిరగేసి చూడు. పాఠాలన్నీ అయ్యాక, రాత్రి అలసిన చెవులతో రాయడానికి కూర్చుంటున్నావు. పొద్దున్న మొదటి రెండు గంటలు నీ పాటకివ్వు. తర్వాతే శిష్యులు రావాలి. నా జీవితంలో నిలబడిన రచనలన్నీ ఆ రెండు గంటల్లో పుట్టినవే.

పాఠం వేరు, స్వరరచన వేరు అని నీకు ఎవరు చెప్పారో తెలియదు. జర్మన్ స్వరకర్త బాఖ్ తన పెద్ద కొడుకు అభ్యాసం కోసం 1720లో ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాడు. అందులో రాసిన చిన్న చిన్న పాఠాలనే సరిదిద్ది, 1723లో 'ఇన్వెన్షన్లు' అనే పదిహేను చిన్న రచనలుగా శుభ్రంగా ఎత్తిరాశాడు. రెండు స్వరధారలను తేటగా వాయించడం నేర్వాలి, దాంతోపాటు రచన రుచి కూడా తెలియాలి అని ముఖపత్రం మీద తానే రాసుకున్నాడు. పిల్లవాడి వేళ్ల కోసం రాసినవి అంత గొప్ప సంగీతం అయ్యాయి. హంగేరీ స్వరకర్త బార్టోక్ కూడా పియానో నేర్చుకునేవాళ్ల కోసం 1926 నుంచి 1939 వరకు 153 చిన్న రచనలు చేశాడు. మొదటి వాటిలో రెండు చేతులూ ఒకే స్వరాలు, అదీ అయిదు వేళ్ల పరిధిలోనే. చివరి వాటికి వచ్చేసరికి కచేరీలో వాయించేంత బరువు. ఆయన సంగీత అకాడమీలో ఏళ్ల తరబడి పియానో నేర్పాడు కానీ స్వరరచన క్లాసు మాత్రం తీసుకోలేదు. ఏది నేర్పాలో, ఏది తన కోసం దాచుకోవాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. నువ్వూ ఆలోచించు.

ఇక పుస్తకం సంగతి. నీ దగ్గర పన్నెండు రచనలు ఉన్నాయన్నావు, వెంటనే అచ్చు వేయాలని ఉందన్నావు. ఆగు. ముందు ఒక్కొక్కటీ ముగ్గురు శిష్యుల చేత, మూడు రకాల వాళ్ల చేత వాయించు. ఆ తర్వాత నీ దగ్గర ఎన్నడూ నేర్చుకోని ఒకరి ముందు కాగితం పెట్టి, నోరు మూసుకుని పక్కన కూర్చో. అది చాలా కష్టం. "అక్కడ కొంచెం నెమ్మదిగా" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పాలనిపించిన ప్రతి చోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. ఆ మాట నీ నోట్లో ఉంది, కాగితం మీద లేదు. పుస్తకం కొన్నవాళ్ల పక్కన నువ్వు ఉండవు కదా.

పేజీ తిప్పే చోటు చూసుకో. అక్కడ ఒక విరామం ఉండి, ఒక చెయ్యి ఖాళీ కావాలి. పాడే రచన అయితే ఊపిరి తీసుకునే చోట్లు పెట్టు. సాహిత్యంలో ఏ అక్షరం ఏ స్వరం కింద పడుతుందో ఒకటికి నాలుగుసార్లు సరిచూడు. ప్రూఫులు నువ్వే చూసుకుంటే తప్పులు కనబడవు, నీ చెవి వాటిని దిద్దేసుకుంటుంది. ఇంకొకరికి ఇవ్వు.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది సుబ్బరామ దీక్షితులు. స్వయంగా వాగ్గేయకారుడు. కృతులకు స్వరాలు రాసి ఊరుకోకుండా, స్వరాన్ని ఊపి పలికే గమకాలకు విడివిడిగా గుర్తులు పెట్టి, 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే అంత పెద్ద గ్రంథాన్ని 1904లో తెలుగు లిపిలో అచ్చు వేయించారు. 1906లో కన్నుమూశారు. అచ్చు ఇంకో రెండేళ్లు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదోనని తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

పబ్లిషర్ కాగితం ఇస్తే, ఇంటికి తెచ్చుకుని చదువు. నా మొదటి పుస్తకం అచ్చవుతుందన్న ఆనందంలో "సర్వహక్కులూ శాశ్వతంగా" అన్న వాక్యం కింద సంతకం పెట్టాను. ఒక్క ముద్రణతో వాళ్లు ఆపేశారు. నా రచనలను నా శిష్యులకు నేనే మళ్లీ అచ్చు వేసి ఇవ్వలేకపోయాను, చాలా ఏళ్లు బాధపడ్డాను. హక్కు ఎప్పటికీ రాసివ్వడం వేరు, కొంతకాలం వాడుకోవడానికి అనుమతి ఇవ్వడం వేరు. రెండోదే అడుగు. ఎన్నేళ్లు, ఏ రూపంలో, పుస్తకం దొరకకుండా పోతే హక్కు ఎప్పుడు వెనక్కి వస్తుంది, ఇవి స్పష్టంగా రాయించు.

నీ పన్నెండింటిలో మూడు వేరే కవుల గేయాలు కదా. వాళ్ల రాతపూర్వక అనుమతి ఉందా? కవి లేకపోయినా హక్కు వెంటనే పోదు. చాలా దేశాల్లో మరణానంతరం 70 ఏళ్లు, ఇండియాలో 60 ఏళ్లు. స్వరపరచి, పిల్లలకు నేర్పి, చివరికి అచ్చు వేయలేక పెట్టెలో పెట్టుకున్నవాళ్లను చూశాను. ముందు అడుగు, తర్వాత స్వరపరచు.

సొంతంగా వేసుకుందామంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బాఖ్ కాలంనాటి జర్మన్ స్వరకర్త టెలెమన్ తన రచనల అచ్చు ప్లేట్లు తానే చెక్కుకునేవాడు. 1733లో ఒక సంపుటానికి ముందుగానే చందాదారులను కూడగట్టాడు, 200 మందికి పైగా చేరారు. వాళ్లలో పేరున్న స్వరకర్త హాండెల్ ఒకడు. నీ శిష్యుల కుటుంబాలను, తోటి టీచర్లను ముందే అడిగి ఎన్ని కాపీలు కావాలో లెక్క వేసుకో. అచ్చు స్వరలిపి పుస్తకానికి ఐఎస్‌ఎంఎన్ అనే నంబర్ ఉంటుంది, 979-0తో మొదలవుతుంది, అది తీసుకో.

ఇంకొకటి. ఏ సాఫ్ట్‌వేర్‌లో రాసినా, వేరే సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకునే మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్ ఫైలు, పీడీఎఫ్ కాపీలు విడిగా దాచు. స్వరలిపి రాసే ఫినాలే అనే సాఫ్ట్‌వేర్ 35 ఏళ్లు నడిచి, 2024లో ఆగిపోయింది.

పన్నెండింటిలో ఎడమ చెయ్యి బలంలేని ఆ పిల్ల కోసం రాశానన్నావే, అది నాకు ముందు పంపు. శుభ్రంగా ఎత్తిరాసింది వద్దు. ఆ పిల్ల దగ్గర కొట్టేసి, దిద్ది, మళ్లీ రాసిన కాగితమే కావాలి.