అస్థిపంజరాల సైన్యం, క్రెడిట్ కార్డు బాకీ

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. తిరుపతిలో అమ్మానాన్నల దగ్గరే ఉంటూ శ్రీసిటీలో ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 42,000 వస్తుంది. ఇంటికి 16,000, బైక్ ఈఎంఐ 4,200, నా ఖర్చులు 6,000. 'వార్‌హామర్: ది ఓల్డ్ వరల్డ్' అని, చిన్న బొమ్మల సైన్యాలను బల్ల మీద నిలిపి ఆడే యుద్ధం ఆట ఉంది. దానికోసం టూంబ్ కింగ్స్ అనే అస్థిపంజరాల సైన్యం పోగుచేస్తున్నాను. ఆటలో ఒక్కో బొమ్మకు ఇన్ని పాయింట్లని ఉంటుంది. 2,000 పాయింట్లకు చేర్చాలని కోరిక. ఈ బొమ్మల పెట్టెల వల్లే క్రెడిట్ కార్డు మీద 46,000 బాకీ పడింది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. 84 బొమ్మలకు ఇంకా రంగు వేయలేదు. నెలకు పది వేయగలను. 'బొమ్మలకి ఇంత దుడ్డు పోస్తావా' అని నాన్న కోపం. పాత బొమ్మల ధర పెరుగుతుందంటారు కదా, దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా? రెండేళ్లలో చెల్లి పెళ్లికి రెండు లక్షలు ఇవ్వాలి.

జవాబు: పెట్టుబడి సంగతి ముందు తేల్చేద్దాం. అనుకోకూడదు.

మీ సైన్యం చరిత్రే చూడండి. 1983లో మొదలైన వార్‌హామర్ ఫాంటసీ ఆటను ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ 2015లో ఆపేసి, దాని స్థానంలో ఏజ్ ఆఫ్ సిగ్మార్ అనే మరో ఆట తెచ్చింది. టూంబ్ కింగ్స్ బొమ్మలు అమ్మకాల్లోంచే పోయాయి. 2024 జనవరిలో ది ఓల్డ్ వరల్డ్‌గా ఆట తిరిగొచ్చినప్పుడు, బ్రెటోనియా అనే ఇంకో సైన్యంతో పాటు మొదట దిగింది మీ సైన్యమే. సరుకు దొరకనంత కాలం పాత పెట్టెకు గిరాకీ ఉంటుంది, కంపెనీ మళ్లీ అచ్చు పోసిందంటే ఆ గిరాకీ చల్లారిపోతుంది. అంటే ధర తాళం నాటింగ్‌హామ్‌లో ఉంది. పైగా తిరుపతిలో కూర్చుని ఎవరికి అమ్ముతారు? కొనేవాళ్లు దొరికినా, మనం రంగేసిన బొమ్మకు కొన్న ధర రావడం కష్టం. ఇది సరదా ఖర్చు. సరదాకు ఖర్చు పెట్టడంలో తప్పు లేదు, నాన్నగారికి కూడా ఆ మాటే చెప్పండి. 'రేటు పెరుగుతుంది నాన్నా' అని మాత్రం చెప్పకండి.

అసలు నష్టం బొమ్మల్లో కాదు, కార్డులో జరుగుతోంది. మీ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం. 46,000 మీద 1,610, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 290. నెలకు 1,900 వట్టినే పోతోంది. కనీస మొత్తం కడుతున్నంత కాలం అసలు పెద్దగా తగ్గదు. అంతేకాదు, బాకీ మిగిలి ఉండగా అదే కార్డు మీద కొత్తగా ఏం కొన్నా, సాధారణంగా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

మీ లెక్క ప్రకారం నెలకు 15,800 మిగలాలి. అందులో 12,000 కార్డుకు కట్టండి. నాలుగు నెలలయ్యేసరికి మూడు వేల చిల్లర మిగులుతుంది, ఐదో నెలలో తీరిపోతుంది. అందాకా కొత్త పెట్టె వద్దు. అబ్బా అనిపిస్తుందేమో గానీ, 84 బొమ్మలు నెలకు పది చొప్పున ఎనిమిది నెలలకు పైనే పని. బాకీ తీరేదాకా మీ చేతికి ఖాళీ ఉండదు.

ఇకపై కూడా కొనే వేగాన్ని జీతంతో కాదు, కుంచెతో కొలవండి. చేతిలో ఉన్న పెట్టెకు రంగు పూర్తయ్యాకే తరవాతి పెట్టె. ఈ అభిరుచిలో డబ్బు ఇరుక్కునేది బీరువా మీద సీలు విప్పని పెట్టెల్లోనే. అస్థిపంజరాలకు రంగు తేలికే కదా: ప్రైమర్ (అడుగు పూత), ఎముక రంగు, గోధుమ రంగు వాష్ (సందుల్లోకి దిగే పల్చటి రంగు), పైన డ్రైబ్రష్ (దాదాపు ఆరిన కుంచెతో అంచులకు రుద్దడం). నాలుగైదు సీసాలతో ఒక దళం అయిపోతుంది. కొత్త రంగు వచ్చిందని ప్రతి సీసా కొనక్కర్లేదు. బొమ్మలు నిలబడే అడుగు పళ్లేల మీద చల్లడానికి ఇసుక పొట్లం కూడా కొనకండి, వీధి చివర కట్టుబడి ఇసుక జల్లించి, కడిగి, ఆరబెడితే చాలు. ప్రైమర్ స్ప్రే మాత్రం మన మే నెల మిట్టమధ్యాహ్నం కొట్టకండి. డబ్బా వేడెక్కడం ప్రమాదం, బొమ్మ మీద పూత గరుకుగా పడి అదీ దండగే.

మీరు ఎంచుకున్నది బొమ్మల సంఖ్య ఎక్కువుండే సైన్యం. ఓగర్లు అనే భారీకాయుల్లాంటి సైన్యమైతే తక్కువ బొమ్మలతోనే పాయింట్లు నిండుతాయి. ఇప్పుడు మారమనను, అది ఇంకో ఖర్చు. ఆడే మిత్రులతో మాట్లాడి ఈ ఏడాది 1,000 పాయింట్లకే ఆడదామనండి. వాళ్ల బీరువాల మీదా గుట్టలుండే ఉంటాయి, ఒప్పుకుంటారు.

పెట్టె ధర చూసేటప్పుడు ఇంగ్లండ్ ధరను రూపాయల్లోకి మార్చి ఊరుకోవద్దు. బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. ఇక్కడి దుకాణాల్లో ధర అందుకే మండుతుంది. సొంతంగా తెప్పించుకుంటే సుంకం, కొరియర్ వాళ్ల క్లియరెన్స్ రుసుము, విదేశీ లావాదేవీకి కార్డు వేసే మార్కప్ (చాలా కార్డుల్లో 3.5 శాతం దాకా) అన్నీ కలిపి చూశాకే ఏది చవకో తెలుస్తుంది.

పెళ్లి సంగతి. కార్డు తీరాక మిగిలేది 19 నెలలు. నెలకు 10,000 చొప్పున బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కడితే అసలు 1,90,000, వడ్డీతో రెండు లక్షల దరిదాపుకు వస్తుంది. రెండేళ్లలో అవసరమైన సొమ్ము కాబట్టి షేర్ల జోలికి పోవద్దు. మిగిలిన 5,800లో సైన్యానికి 2,000 విడిగా ఇంకో ఖాతాలో వేయండి, పెట్టెకు సరిపడా పోగయ్యాక డెబిట్ కార్డుతో కొనండి. తక్కిన 3,800 అత్యవసర నిధికి. అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ 3,800లో మొదటి వాటా దానికే, ఆ ప్రీమియం సరిపోకపోతే సైన్యం వాటా కోయండి.

ఈ నెల కార్డు బిల్లు గడువు ఎప్పుడో చూసుకుని, రెండు రోజుల ముందే 12,000 కట్టేయండి. కనీస మొత్తానికి పెట్టిన ఆటో డెబిట్ ఉంటే దాన్నీ మార్చండి.