బ్లేడు ఆయుష్షు నెలల్లో లెక్కేయకండి, ఏం కోస్తున్నారో చూడండి

నెలకో బ్లేడు మార్చాలని ఎవరో చెప్పారనీ, కంప్యూటర్‌లో పెట్టిన డిజైను ప్రకారం చిన్న బ్లేడుతో కాగితం కోసే పేపర్ కటింగ్ మెషీను కొని ఇంట్లో కేక్ టాపర్లు (కేకు మీద గుచ్చే పేర్లు, బొమ్మలు), బర్త్‌డే బ్యానర్లు చేసి అమ్మితే వచ్చిన డబ్బంతా బ్లేడ్లకే పోతుందేమోననీ అడిగారు. పోదు. ధైర్యంగా కొనండి. కానీ బ్లేడుని నెలల్లో లెక్కవేసే పద్ధతి ఇప్పుడే మానేయండి. దాంతో ఏం కోస్తున్నారన్నదాన్ని బట్టే ఎన్నాళ్లొస్తుందో ఉంటుంది. మామూలు రంగు కాగితం, స్టిక్కర్ వినైల్ మాత్రమే కోసే ఇంట్లో ఒకే బ్లేడు నెలల తరబడి నడుస్తుంది. అదే బ్లేడుతో గ్లిటర్ షీట్లు కోస్తే ఒక్క పెళ్లి ఆర్డరుకే మొన మొద్దుబారొచ్చు. నేను కూకట్‌పల్లిలో ఇంట్లోనే ఈ పని చేస్తాను. క్రికట్, సిల్హౌట్ అనే రెండు కంపెనీల మెషీన్లూ వాడాను. రెంటిలోనూ ఇదే తీరు.

కాగితం మెత్తటిది, బ్లేడుని అదేం చేస్తుందిలే అనుకుంటారు చాలామంది. కాగితంలో ఉత్త గుజ్జే ఉండదు. తెల్లగా, నున్నగా రావడానికి మిల్లులో కాల్షియం కార్బొనేట్, అంటే మన సుద్ద, చైనా క్లే లాంటివి కలుపుతారు. ఆర్ట్ కార్డు మీద ఉండే పూత కూడా ఆ జాతిదే. అదంతా మొనని రుద్దుతూనే ఉంటుంది. అందుకే 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) జిరాక్స్ కాగితానికీ 300 జీఎస్ఎం అట్టకీ మందంలోనే కాదు, బ్లేడు అరుగుదలలోనూ తేడా. గ్లిటర్ షీటు మరీ అన్యాయం. అల్యూమినియం పూత ఉన్న ప్లాస్టిక్ రజను, దాన్ని పట్టి ఉంచే జిగురు, కింద మందపాటి అట్ట. ఆ గరుకు మీద మొన ఎగుడుదిగుడుగా గుద్దుకుంటూ పోతుంది. జిగురు అంచుకి అంటుకుంటుంది, ఆ జిగురుకి రజను అంటుకుంటుంది.

ఈ బ్లేడ్ల మొన టంగ్‌స్టన్ కార్బైడ్. ఉక్కు కన్నా చాలా గట్టిది, కానీ పెళుసు. వంగదు, పెచ్చు లేస్తుంది. చేయి జారి టైల్స్ మీద పడిందంటే మొన పోయిందనే అనుకోండి. ఆ పెచ్చు కంటికి ఆనదు, అక్షరం మలుపులో తెలుస్తుంది. నన్నడిగితే, కోసి కోసి అరిగిపోయే బ్లేడ్ల కన్నా కిందపడి పోయేవే ఎక్కువ. బ్లేడు మార్చేటప్పుడు బల్ల మీద తువ్వాలు పరుచుకోండి, పిల్లలు అటు రాకుండా తలుపు వేసుకోండి. పదును చూడాలంటే ఫోన్ కెమెరా బాగా జూమ్ చేసి మొనని దీపం వైపు మెల్లగా తిప్పండి. పదునున్న అంచు మీద వెలుగు నిలవదు. చివర ఒక తెల్ల చుక్క తళుక్కుమంటే మొద్దుబారినట్టే.

అయితే మనవాళ్లు పోయిందని పారేసే బ్లేడ్లలో సగం బాగానే ఉంటాయి. ఇది నేను గట్టిగా చెప్తాను. పోయిన మాఘమాసం ముహూర్తాల్లో మా పై అంతస్తు అమ్మాయి, ఈ పని కొత్తగా మొదలుపెట్టింది, రాత్రి పదింటికి మెషీనుని రెండు చేతులా మోసుకుంటూ మా తలుపు కొట్టింది. పొద్దున్నే మండపానికి పంపాల్సిన బోర్డు. బంగారు రంగు గ్లిటర్ షీటు మీద "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" కోసి అతికించాలి. "అక్కా, బ్లేడు పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. ఇప్పుడు ఆర్డర్ పెట్టినా ఎల్లుండికి గానీ రాదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. షీటు చూశాను. నిలువు గీతలు, పొడుగు వంపులు శుభ్రంగా తెగాయి. శ్రీ మెలిక దగ్గర, "ఘ్న" దగ్గర మాత్రం అట్ట కోసినట్టు లేదు, పీకినట్టుంది. పొరలు పైకి లేచి పీచు కనిపిస్తోంది.

గీత బాగా తెగి మెలిక చిరిగితే బ్లేడుని అనుమానించే ముందు హోల్డరుని, అంటే బ్లేడు కూర్చునే చిన్న గొట్టాన్ని, అనుమానించాలి. ఈ బ్లేడుని తిప్పే మోటారేమీ ఉండదు. హోల్డరులో అది వదులుగా తిరుగుతూ ఉంటుంది, దాని మొన నడిమధ్యన కాకుండా ఒక పిసరు పక్కకి ఉంటుంది. ఆఫీసు కుర్చీ కింది చక్రం లాగినవైపుకి తిరిగినట్టు, ఇదీ కోత ఎటుపోతే అటు తనే తిరుగుతుంది. తిరగడానికి ఏదన్నా అడ్డుపడితే వంపులో పక్కవాటుగా ఈడ్చుకుపోతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకి ఇది అంతగా బయటపడదు. మన లిపిలో మెలిక లేని అక్షరం ఎక్కడుంది? తలకట్టు, సున్నా, వట్రసుడి, ఒత్తు, అన్నీ తిరుగుళ్లే.

హోల్డరు పైనున్న పిన్ను నొక్కి బ్లేడు బయటికి లాగాను. మొన చక్కగా ఉంది. టార్చి వేసి హోల్డరు లోపలికి చూస్తే అడుగున బంగారు రజనూ అట్ట నూగూ జిగురుతో కలిసి చిన్న ముద్దై, బ్లేడు కాడ తిరిగేచోట పట్టేసి ఉంది. కొత్త బ్లేడు కూడా ఆ ముద్దలోకే వెళ్లి కూర్చుంది మరి. సూదితో గీకి తీశాను, పాత టూత్‌బ్రష్‌తో దులిపాను, స్పిరిట్ అద్దిన దూదితో కాడ తుడిచాను. పైకి వెళ్లి చెత్తబుట్టలో పడేసిన మొదటి బ్లేడు తీసుకురమ్మన్నాను. అదీ బాగానే ఉంది! దాన్నే బిగించి, షీటుని తిరగేసి తెల్లవైపు పైకి పెట్టి, డిజైనుని మిర్రర్ చేసి, అంటే అద్దంలో కనిపించినట్టు తిప్పి, ఒత్తిడి కాస్త తగ్గించి అదే గీత మీద రెండుసార్లు పోనిచ్చాం. ఎక్కువ నొక్కి ఒకేసారి కోసే బదులు తక్కువ నొక్కి రెండుసార్లు కోస్తే మొనకీ మంచిది, అట్టకీ మంచిది. "ఘ్న" కింద న ఒత్తు తోకతో సహా ఊడొచ్చింది.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఇదొకటి చెప్పకుండా ఉండలేను. డీటీపీ షాపులో టైప్ చేయించి తెచ్చుకునే తెలుగు ఫైళ్లు ఈ మెషీన్లకి తిన్నగా పనికిరావు. పాత అను ఫాంట్లలో తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. తెర మీద అతికినట్టే కనిపిస్తాయి, కానీ ఒకదాని మీదొకటి ఎక్కిన చోటల్లా బ్లేడు అడ్డంగా కోసేస్తుంది, అక్షరం ముక్కలై రాలుతుంది. అన్నిటినీ సెలెక్ట్ చేసి వెల్డ్ చేయాలి, అంటే ఒకే ఆకారంగా కలిపేయాలి. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే దీని పేరు యూనియన్. యూనికోడ్ ఫాంటుతో టైప్ చేసినా అక్షరాలని పాత్‌గా, అంటే గీతల బొమ్మగా, మార్చి ఇదొక్కసారి చేయడం మంచిది. కోతకి ఉచితంగా దొరికే రామభద్ర లాంటి లావు అక్షరాలు ఎంచుకోండి. పుస్తకాలకి బాగుండే సన్నటి ఫాంట్లు రెండంగుళాల టాపర్‌లో నిలబడవు. ఫైలు తప్పుకి ఎందరు బ్లేడుని తిట్టుకుంటున్నారో!

అల్యూమినియం ఫాయిల్ ఉండలో బ్లేడుని గుచ్చితే పదునెక్కుతుందని వీడియోలు చూపిస్తుంటారు. పదునెక్కదు. టంగ్‌స్టన్ కార్బైడ్‌ని సానపట్టాలంటే వజ్రపు పొడి పట్టించిన రాయి లాంటిది కావాలి, వంటింటి ఫాయిల్ ఏపాటిది? గుచ్చినప్పుడు అంచుకి పట్టిన జిగురూ నూగూ వదులుతాయి, అందుకే తర్వాతి కోత బాగా వస్తుంది. శుభ్రం చేయడానికి వాడుకోండి, పెచ్చు లేచిన మొన మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. కాగితాన్ని అంటించి మెషీనులోకి పంపే జిగురు పలక, అదే మ్యాట్, దాని సంగతి కూడా అంతే. జిగురు చచ్చిన మ్యాట్ మీద కాగితం కదులుతుంది, కదిలితే చిరుగుతుంది, మళ్లీ నింద బ్లేడుకే. గోరువెచ్చని నీళ్లలో కొంచెం గిన్నెల సబ్బుతో మెల్లగా కడిగి గాలికి ఆరబెడితే చాలావరకు తేరుకుంటుంది.

ఇక గిట్టుబాటు. మీకు అసలు నష్టం బ్లేడు దగ్గర రాదు, రేటు చెప్పేటప్పుడు వస్తుంది. "మెషీనే కదా కోసేది, మీకేం పని?" అని అడుగుతారు చూడండి, ఆ మాటకి తగ్గకండి. పేరు టైప్ చేసి అతుకులు చూసేది మీరు. సున్నాల్లోని చిన్న చిన్న ముక్కలన్నీ పట్టకారుతో ఏరేది మీరు. పొరల మధ్య ఫోమ్ టేపు పెట్టి సరిగ్గా అతికించేది మీరు. చెడిపోయిన షీటు ఖర్చు మీది, రాత్రి నిద్ర మీది. ఇంకొందరు ఛత్తాబజార్‌లో లేజర్ కటింగ్ శుభలేఖల ధర పట్టుకొచ్చి బేరమాడతారు. వందల కార్డులకి ఒకే డిజైను, పైగా లేజరుకి అరిగే మొనే లేదు. ఒక్కగానొక్క టాపర్‌కి ఆ ధర ఎలా కుదురుతుంది? ఇంట్లో ఆడవాళ్లు చేసే పనికి కూలి వేయక్కర్లేదన్న అలవాటే ఇదంతా. నాకు నిజంగా కోపం వస్తుంది. మన ఆడవాళ్లే అడిగినప్పుడు ఇంకా వస్తుంది.

కాబట్టి గ్లిటర్‌కి వేరే రేటు పెట్టండి, మామూలు అట్ట రేటుకి ఒప్పుకోకండి. మెషీనుతో పాటు అమ్మే పెద్ద కాంబోల జోలికి పోకండి, అందులో సగం సామాను డబ్బాలోనే ఉండిపోతుంది. అదనంగా రెండు బ్లేడ్లు, ఒక హోల్డరు, ఒక మ్యాట్ చాలు. ఒక హోల్డరు గ్లిటర్‌కే కేటాయించి గుర్తుకి నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకోండి. మొద్దుబారుతున్న బ్లేడు దాని వంతు, కొత్తది ఎప్పుడూ మామూలు కాగితం వంతు. బేగంబజార్‌లో గ్లిటర్ షీట్లు కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోకుండా వేలితో గట్టిగా రుద్దండి. వేలికి రజను అంటితే ఆ కట్ట అక్కడే పెట్టేసి పక్క కొట్టుకి వెళ్లండి.