చావుకు విలువ తేవాలంటే మంత్రాలను తీసేయనక్కరలేదు

మీరు నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో (పాచికలు వేస్తూ, పాత్రలుగా మాట్లాడుతూ కథ నడిపే ఆట) పాత్ర చనిపోగానే క్లెరిక్, అంటే దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర, మంత్రం వేసి బతికిస్తున్నాడని, మీ ఆటగాళ్లకు చావంటే భయమే పోయిందని రాశారు. ఆ మంత్రాలను దయచేసి నిషేధించకండి. ఆ ఆట ఐదో ఎడిషన్ నియమాల్లోనే దీనికి మందు ఉంది. రివివిఫై అనే బతికించే మంత్రం చనిపోయిన నిమిషంలోపే పనిచేస్తుంది, 300 బంగారు నాణేల విలువైన వజ్రాలు ఖర్చైపోతాయి. రెయిజ్ డెడ్ అనే మరో మంత్రానికి 10 రోజుల గడువు, 500 నాణేల వజ్రం. పైగా లేచినవాడికి దాడికి, పరీక్షకు వేసే ప్రతి పాచిక లెక్కలో 4 తగ్గుతుంది, ఒక్కో దీర్ఘ విశ్రాంతికి (రాత్రి నిద్ర లాంటిది) ఒకటి చొప్పున కోలుకుంటాడు. కాబట్టి వజ్రాలను సులువుగా దొరకనివ్వకండి.

వీటన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఇంకొకటి ఉంది: తిరిగి రావడానికి ఆత్మకు ఇష్టం ఉండాలి. చాలామంది దీన్ని చదివి దాటేస్తారు, నాకు అది బాధ కలిగిస్తుంది. పాచికలు పక్కన పెట్టి ఆటగాణ్ణి సూటిగా అడగండి: “ఇక్కడ నీ తల్లి కనిపించింది. ఆమెను వదిలి ఎవరి కోసం వెనక్కి వెళతావు?”

మీ లోకంలోని మామూలు జనాన్నీ ఆలోచించండి. కూలివాడి బిడ్డకు వజ్రం ఎక్కడిది? ముసలి ప్రభువు మూడోసారి లేచొస్తే వారసులు ఊరుకుంటారా? మీ వీరుడు బతికి ఊళ్లోకి వచ్చిన రోజే, బిడ్డను పోగొట్టుకున్న తండ్రి అతణ్ణి నిలదీసేలా చేయండి.