తాళంచెవి ఒక్క గుమాస్తా దగ్గరే

ప్రశ్న: మాది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. తక్‌పట్టీలు (సరుకు అమ్మిన లెక్క చీటీలు), రైతుల ఖాతాలు అన్నీ ఉబుంటు వేసిన పాత కంప్యూటర్‌లోనే. మా మేనల్లుడు 500 జీబీ డిస్కులు రెండు పెట్టి సాఫ్ట్‌వేర్ రెయిడ్-1 (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా రాసే ఏర్పాటు) చేశాడు. 'ఒకటి పోయినా రెండోది ఉంటుంది మావయ్యా' అని చెప్పి హైదరాబాద్ వెళ్లిపోయాడు. పోయిన వారం మొదటి డిస్కు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. దాన్ని తీసేసి ఆన్ చేస్తే, బూట్ చేయడానికి డిస్కే లేదంటూ నల్ల తెర వస్తోంది. షాపతను ఫార్మాట్ కొట్టేద్దామంటున్నాడు. రెండోదీ పోయినట్టేనా? (పేరు వేయొద్దన్నారు, గుంటూరు)

జవాబు: ముందు ఆ షాపతన్ని ఆపండి. మీ లెక్కలు చాలావరకు క్షేమంగానే ఉండి ఉంటాయి.

మీ కొట్టు భాషలోనే చెబుతాను. ఇద్దరు గుమాస్తాలు ఒకే లెక్కను చెరో చిట్టాలో రాస్తున్నారు. కొట్టు తాళంచెవి మాత్రం ఒకడి జేబులోనే ఉంది. వాడు మంచాన పడ్డాడు. రెండోవాడు చిట్టా చంకన పెట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు.

మేనల్లుడు రెయిడ్ కట్టింది పార్టిషన్లకు, అంటే డిస్కును విడగొట్టిన భాగాలకు. ఉబుంటును బూట్ చేసే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామే ఆ తాళంచెవి. దాని మొదటి ముక్క మాత్రం పార్టిషన్ల బయట, డిస్కు మొట్టమొదటి 512 బైట్లలో ఉంటుంది. మిగతాది దాని వెనక, మొదటి పార్టిషన్ మొదలయ్యేలోపు ఉన్న ఖాళీలో సర్దుకుంటుంది. రెయిడ్ కాపీ చేసేది పార్టిషన్ల లోపలిదే. ఈ కాస్త జాగా దానికి పట్టదు, అందుకే తాళంచెవి మీ రెండో డిస్కులోకి రాలేదు. పాత బయాస్‌కేమో (ఆన్ చేయగానే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) రెయిడ్ అంటే ఏమిటో తెలియదు. ఒక డిస్కు మొదటి సెక్టారు చదువుతుంది, అక్కడ ఏమీ లేకపోతే చేతులెత్తేస్తుంది.

ముందు బయాస్‌లోకి వెళ్లి రెండో డిస్కు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే కేబులు మార్చి చూడండి. కనిపిస్తే ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా ఆన్ చేయండి. అందులో రెయిడ్‌ను నడిపే ఎండీ-ఆడ్మ్ (mdadm) లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఇన్‌స్టాల్ చేసుకోండి. దానికి 'అసెంబుల్', 'స్కాన్' ఇవ్వండి, మొండికేస్తే 'రన్' కూడా చేర్చండి. ఆ తర్వాత రెయిడ్ పరిస్థితి చూపే ప్రాక్ లోని ఎండీ-స్టాట్ (/proc/mdstat) ఫైలు తెరిస్తే బ్రాకెట్లలో ఒక యూ (U), ఒక అడ్డగీత (_) కనిపించాలి. రెండు యూలు ఉండాల్సిన చోటది. అడ్డగీత పోయిన డిస్కు, యూ మీ ఖాతాలు. వెంటనే డేటాను బయటి డిస్కులోకి కాపీ చేయండి, మిగతావన్నీ ఆ తర్వాతే.

'అసెంబుల్' బదులు 'క్రియేట్' మాత్రం పొరపాటున కూడా కొట్టకండి. మొదటిది ఉన్న రెయిడ్‌ను లేపుతుంది. రెండోది కొత్త చిట్టా తెరిచి పాతదాని మీదే రాస్తుంది.

కాపీ అయ్యాక రెయిడ్‌ను మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ (/dev, /proc, /sys) ఫోల్డర్లు మూడింటినీ దానికి బైండ్ చేసి, సీహెచ్-రూట్ (chroot) కమాండ్‌తో మీ పాత ఉబుంటు లోపలికి వెళ్లండి. గ్రబ్-ఇన్‌స్టాల్ (grub-install) ఇవ్వండి. పార్టిషన్ పేరు కాదు, డిస్కు పేరు ఇవ్వాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. డిస్కులకు ఉబుంటు ఎస్‌డీఏ (sda), ఎస్‌డీబీ (sdb) అని పేర్లు పెడుతుంది; నిన్నటిదాకా ఎస్‌డీబీ అయిన డిస్కు, ఒంటరిదయ్యాక ఎస్‌డీఏ అయి కూచోవచ్చు, ఎస్‌డీబీ మీ పెన్‌డ్రైవే కావచ్చు. డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) కొట్టి సైజు చూసి పోల్చుకోండి. తర్వాత అప్‌డేట్-గ్రబ్ (update-grub) చేసి రీస్టార్ట్ చేయండి.

కొత్త డిస్కు కొనేటప్పుడు రెండూ 500 అని రాసి ఉన్నా కంపెనీని బట్టి కొన్ని సెక్టార్లు అటూఇటూ ఉంటాయి. కాస్త చిన్నదైనా పనికిరాకపోవచ్చు, 1 టీబీది తెచ్చుకోండి. పాతదానిలాగే పార్టిషన్లు చేసి రెయిడ్‌కు 'యాడ్' చేయండి. సింక్ (పాతదానిలోని డేటా కొత్తదానిలోకి కాపీ కావడం) పూర్తయి రెండు యూలు కనపడ్డాక దానిలోనూ గ్రబ్ వేయండి. మీకు ఈ తిప్పలన్నీ వచ్చింది ఆ ఒక్క పని జరగకనే.

మీ మేనల్లుణ్ణి తిట్టకండి. బ్రాడీపేటలో ఒక డీటీపీ మిత్రుడికి నేనూ ఇలాగే రెండు డిస్కులు పెట్టి, 'చూడు, మొదటిది తీసేసినా నడుస్తుంది' అని ఆయన ముందే కేబులు పీకాను. నడవలేదు. శుభలేఖల ఆర్డర్లన్నీ అందులోనే. ఆయన ఏమీ అనకుండా టీ తెప్పించాడు, అదే ఎక్కువ బాధేసింది. అప్పట్నుంచీ డిస్కులు అప్పగించే ముందు ఒక్కోదాన్నీ విడిగా బూట్ చేసి చూస్తాను. మొదటిది పీకి చూశాక తిరిగి కలిపి, సింక్ పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడే రెండోది పీకాలి.

ప్రశ్న: కొత్త కంప్యూటర్‌లో బయాస్ బదులు యూఈఎఫ్‌ఐ ఉంది. అప్పుడీ బాధ ఉండదుగా? (ఒక ప్రెస్ యజమాని, గవర్నర్‌పేట, విజయవాడ)

జవాబు: ఉంటుందండీ, జాగా మారుతుందంతే. యూఈఎఫ్‌ఐ, ఫ్యాట్ (FAT) పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఈఎఫ్‌ఐ అనే చిన్న బూట్ పార్టిషన్‌ను చదువుతుంది. దాన్ని మామూలుగా రెయిడ్‌లో పెట్టరు. రెండు డిస్కుల్లోనూ చెరొకటి చేసి, గ్రబ్‌ను రెండింటిలోనూ వేసి, బూట్ మెనూలో రెండు పేర్లూ నమోదు చేయించండి. మెటాడేటా (రెయిడ్ తన గుర్తు రాసుకునే పద్ధతి) 1.0 తో ఆ పార్టిషన్లను రెయిడ్ చేసేవాళ్లూ ఉన్నారు. అందులో రెయిడ్ గుర్తు పార్టిషన్ చివర్లో ఉంటుంది కాబట్టి యూఈఎఫ్‌ఐ దాన్ని మామూలు ఫ్యాట్ అనుకుని చదివేస్తుంది. అయితే యూఈఎఫ్‌ఐ ఎప్పుడైనా అందులో ఏదైనా రాస్తే ఒక డిస్కులోనే పడుతుంది, రెయిడ్‌కు తెలియదు. నేనైతే విడివిడిగానే పెడతాను.