నీట్ ర్యాంకు రాలేదు, బయోమెడికల్‌లో చేర్చవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చెన్నైలో స్థిరపడి పదిహేనేళ్లయింది. మా అమ్మాయి బయో-మ్యాథ్స్ గ్రూపుతో ప్లస్ టూ పూర్తిచేసింది. నీట్‌లో సీటుకు సరిపడే ర్యాంకు రాకపోవడంతో బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో చేరతానంటోంది. ఆసుపత్రిలో మిషన్లు బాగుచేసే పనికి నాలుగేళ్ల చదువెందుకు, కంప్యూటర్ సైన్సులో చేర్చమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: మిషన్లు బాగుచేయడం ఈ వృత్తిలో ఉన్న పనే, దాన్ని దాచవలసిన అవసరం లేదు. నేను ఒక ఆసుపత్రిలో కొత్తగా చేరిన రోజుల్లో, ఈసీజీ గీత రంపపు పళ్లలా వణుకుతూ వస్తోందని వార్డు నుంచి ఫోను వచ్చింది. అప్పటికే రెండో మిషను తెప్పించి చూశారు, దానిలోనూ అంతే. చివరికి చూస్తే రోగి కుడికాలికి అంటించిన ఎలక్ట్రోడులో జెల్ ఎండిపోయి ఉంది. గుండె సంకేతం చర్మం దగ్గరికి వచ్చేసరికి ఒక మిల్లీవోల్టు ప్రాంతంలోనే ఉంటుంది. చుట్టూ ఉన్న 50 హెర్ట్జ్ కరెంటు ప్రభావం దాన్ని కప్పేయకుండా మిషను ఆ కుడికాలి తీగ సాయంతోనే కాచుకుంటుంది కనుక, అక్కడ పట్టు తప్పితే గీతంతా చెదిరిపోతుంది. చర్మం తుడిచి కొత్తది అంటించగానే గీత కుదుటపడింది. ఆ రోజు నేను స్క్రూడ్రైవరు బయటికి తీయనే లేదు. శరీరధర్మం, సర్క్యూటు రెండూ తెలిసినవారు కావాలనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తోచదు. గుండె లయ తప్పినప్పుడు షాకిచ్చే డీఫిబ్రిలేటరు తెర మీద 200 జౌల్స్ అని చూపిస్తే నిజంగా అంత శక్తి విడుదలవుతోందా అని, రోగి శరీరానికి బదులుగా పెట్టే 50 ఓముల లోడు మీద కొలిచి చూడడమూ, రోగికి తగిలే పరికరాల్లో లీకేజీ కరెంటు (పరికరం నుంచి శరీరంలోకి పారగల కొద్దిపాటి కరెంటు) హద్దులో ఉందో లేదో పరీక్షించడమూ ఈ ఇంజినీర్ల పనే.

ఆసుపత్రి ఒక్కటే దారి కాదు. 2017 నాటి వైద్య పరికరాల నియమాలు 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చి, పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి ఎ, బి, సి, డి తరగతులుగా విభజించాక, తయారీ సంస్థల్లో నాణ్యత, అనుమతుల పత్రాలు చూసేవారి అవసరం ఏర్పడింది. బెంగళూరులో జీఈ హెల్త్‌కేర్, ఫిలిప్స్, సీమెన్స్ హెల్తినీర్స్ వంటి సంస్థల పరిశోధన విభాగాలున్నాయి. అయితే అక్కడి డిజైను ఉద్యోగాలకు ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్సు పిల్లలు కూడా పోటీపడతారని మరచిపోకండి. బయోమెడికల్ కోర్సులో అన్నీ కొంచెం కొంచెంగా చెబుతారు. సిగ్నల్ ప్రాసెసింగో (సంకేతాలను శుద్ధిచేసి విశ్లేషించడం), ఎంబెడెడ్ సిస్టమ్సో (పరికరం లోపల ఇమిడి ఉండే చిన్న కంప్యూటర్లు) ఏదో ఒకటి మీ అమ్మాయి సొంతంగా లోతుగా పట్టుకోవాలి. ఆసుపత్రుల్లో తొలి జీతాలు సాధారణంగా సాఫ్ట్‌వేరు జీతాలంత ఉండవు. బంధువుల మాటలో నేను ఒప్పుకునేది ఇంతవరకే.

పై చదువులకు మీ ఊరు అనుకూలం. గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో ఈ శాఖ ఉంది. ఐఐటీ మద్రాసు, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్య పరిశోధన సంస్థ, వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) కలిసి క్లినికల్ ఇంజినీరింగ్‌లో ఎం.టెక్. నడుపుతున్నాయి. ఎం.టెక్. ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో 2020 నుంచి బయోమెడికల్‌కు ప్రత్యేక పేపరు కూడా ఉంది. తిరిగి ఆంధ్ర వైపు రావాలనుకుంటే విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీకి కేటాయించిన మెడ్‌టెక్ జోన్ ఉంది.

నాకున్న సందేహమల్లా ఒక్కటే. డాక్టరు కాలేకపోయిన బాధకు మందుగా ఈ కోర్సును ఎంచుకుంటే మొదటి ఏడాది గణితం దగ్గరే మనసు విరుగుతుంది. గణితమూ భౌతికశాస్త్రమూ ఆమెకు ఇష్టమేనా అని నిదానంగా అడగండి. ఇష్టమేనంటే, కౌన్సెలింగ్‌కు ముందు కళాశాలకు వెళ్లి, విద్యార్థులను ఏ ఆసుపత్రికి, ఎన్ని వారాలు పంపుతారో, అక్కడ వారు పరికరం మూత తెరిచి చూస్తారో లేక వరుసలో నిలబడి చూసి వస్తారో మూడో, నాలుగో ఏడాది పిల్లలనే అడిగి తెలుసుకోండి.