ఒక్క మధ్యాహ్నం చూసి ఇల్లు ఖాయం చేసుకోకు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీరు శివార్లలో కొత్త కాలనీకి మారుతున్నారట, ఆదివారం మధ్యాహ్నం వెళ్లి ఇల్లు చూశారట, ఈ వారమే అడ్వాన్స్ ఇచ్చేస్తారట. "అక్కా, అక్కడ చీమ చిటుక్కుమన్నా వినపడుతుందట" అని మురిసిపోతూ చెప్పింది. ఉరుము వినపడితే చాలు, రెండు చెవులూ మూసుకుని నా ఒళ్లో తల దాచుకునే పిల్లవి. ఇప్పుడు నీ బిడ్డ కోసం నువ్వే ఇల్లు వెతుకుతున్నావంటే నాకెంత గర్వంగా ఉందో రాయలేను.

కానీ 'ఆదివారం', 'ప్రశాంతం' అన్న రెండు మాటలూ పక్కపక్కనే వినేసరికి గుండె ఝల్లుమంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ముందు ఒక్కటి అడుగుతాను, కాదనకు. ఆ అడ్వాన్స్ పది రోజులు ఆపు. ఈలోపు ఇంకెవరైనా ఆ ఇల్లు తీసుకుంటే తీసుకోనీ.

తలుపుల గడియలు, కిటికీ ఊచలు, వీధి దీపాలు, సందులో ఫైరింజన్ పడుతుందా లేదా, ఇవన్నీ అల్లుడు గారు చూసుకుంటారు, నేను చెప్పక్కర్లేదు. గోడల అడుగున నీటి చారలు కనిపిస్తే మాత్రం వానల్లో ఎంత లోతు వస్తుందో ఇరుగుపొరుగును అడగండి. ఈ విషయంలో ఓనర్ మాట ఒక్కటీ చాలదు.

ఇక నా సంగతి చెబుతాను. ఇది నువ్వు పుట్టకముందు మాట. మీ అమ్మని అడిగి, తను సరే అన్నాకే రాస్తున్నాను.

అప్పట్లో మేం నాలుగు రోడ్ల కూడలి మీద ఉండేవాళ్లం. పగలూ రాత్రీ హారన్లే. మీ పెదనాన్నకు బీపీ మొదలైంది, ముందు ఆ గోల నుంచి బయటపడమన్నారు డాక్టర్. ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎండలో, ఊరి చివర ఒక ఇల్లు చూశాం. ఎదురుగా ఇళ్లు లేవు, పొడవాటి ఎత్తైన ప్రహరీ గోడ ఒకటి. "ఎదురిల్లే లేదమ్మా, ఇక గొడవేముంటుంది" అన్నాడు ఓనర్. రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. వరండాలో నిలబడి ఊపిరి పీల్చుకుంటే నా చెవుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న రొద అంతా దిగిపోయినట్టు అనిపించింది. అక్కడికక్కడే సరే అనేశాను. మీ పెదనాన్న "ఇంకోసారి వచ్చి చూద్దామా" అంటే, "చూసింది చాలు" అని నేనే కొట్టిపారేశాను.

ఆ గోడ వెనక ఉన్నది గోదాము. ఆదివారం సెలవు. సోమవారం రాత్రి పదకొండున్నరకు గేటు తెరుచుకుంది. ఒకదాని వెనక ఒకటి లారీలు. సరుకు దింపేసి ఖాళీగా తిరిగి వెళ్లే లారీ మరీ దారుణం. మా గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు వెనక తలుపు, గొలుసులు, రేకులు అన్నీ ఒక్కసారిగా దడదడలాడేవి. మధ్యలో రివర్స్ గేరు కూత. తెల్లవారుజామున నాలుగింటి దాకా అదే వరస. ఆ వీధిలో అందరూ కిటికీలు బిగించుకుని పడుకుంటారని రెండో రోజే తెలిసింది. మేమూ బిగించాం. వేసవిలో కూడా తెరవలేదు.

ఆ మోత గురించే అయితే నీకు ఇంత పొడుగు ఉత్తరం రాసేదాన్ని కాదు.

మీ అమ్మకు అప్పుడే ఉద్యోగం వచ్చి మా ఇంట్లో ఉండేది. బస్సు దిగి ఆ గోడ పక్కన ఓ రెండు వందల మీటర్లు నడిచి రావాలి. ఒకవైపు గోడ. రెండోవైపు ఇళ్ల వెనక భాగాలు, వాటి వాకిళ్లన్నీ అవతలి వీధిలోకి. గోదాములో పగటి మనుషులు ఆరింటికి వెళ్లిపోతారు, లారీలు పదకొండున్నరకు గాని రావు. ఈ రెంటి మధ్యా ఆ రోడ్డుకు దిక్కంటూ ఎవరూ లేరు. ఒకరోజు ఎనిమిదిన్నర బస్సు దిగి వస్తుంటే ఎవడో వెంటపడ్డాడు. తను నడక పెంచితే వాడూ పెంచాడు. అరిచింది, చిన్నీ. గొంతు చించుకుని అరిచింది. ఏ కిటికీ తెరుచుకోలేదు. ఆ వీధిలో కిటికీలు మూసి ఉంచడం అప్పటికే అలవాటైపోయింది కదా. నేనూ ఆ మూసిన కిటికీల వెనకే ఉన్నాను. నా చెల్లెలి కేక నాకు వినపడలేదు.

పరుగెత్తుకొచ్చి తలుపు బాదింది. తెరిస్తే ఒక కాలికి చెప్పు లేదు, నోట మాట లేదు. వాడు చేయి వేసేలోపు ఇంటి దీపం కనపడిందట, అంతే, అదొక్కటే కాపాడింది. తెల్లారి నేను వెళ్లి ఆ చెప్పు వెతికి తెచ్చాను, గోడ మొదట్లో పడి ఉంది. పోలీసు కంప్లైంట్ ఇద్దామంటే మీ అమ్మ భయపడి వద్దంది, నేనూ పట్టుబట్టలేదు. పట్టుబట్టాల్సింది. మీ అమ్మ ఆ ఉద్యోగం మానేసింది. మంచి ఉద్యోగం అది. మూడు నెలల్లో మేం ఇల్లు మారాం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా "నువ్వే కదక్కా ఆ ఇల్లు ఎంచావు" అనలేదు. ఆ మాట అని ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేదేమో.

శబ్దం ఒక లెక్క, భద్రత ఇంకో లెక్క అనుకుని ఇల్లు చూస్తారు అందరూ. నేనూ అలాగే చూశాను. యంత్రాల మోత మనుషుల్ని కిటికీలు మూసుకునేలా చేస్తుంది, కిటికీలు మూసుకున్న వీధిలో ఎవరి కేకా ఎవరికీ వినపడదు. ఇంకో మాట. పిల్లలు ఆడుకునే అరుపులు, ఎవరో ఎవర్నో పిలవడం, వాకిట్లో కబుర్లు, ఇవి వినపడితే గోల అనుకోకు. అలాంటి వీధిలో నువ్వు రాత్రి నడిచి వస్తుంటే నాకు ఇక్కడ నిద్ర పడుతుంది.

ముప్ఫై ఏళ్లు పిల్లలకు ధ్వని పాఠం చెప్పాను. అందులోంచి నీకు పనికొచ్చేది చెబుతాను. ఎండ కాసే మధ్యాహ్నం నేల దగ్గరి గాలి వేడిగా, పై గాలి చల్లగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి వంగిపోతుంది, దూరపు మోత మన చెవి దాకా రాదు. మబ్బు, గాలి లేని రాత్రి ఇది తిరగబడుతుంది. నేల చల్లబడుతుంది, పైన వెచ్చగా ఉంటుంది, శబ్దం కిందికి వంగి మన మీదికే వస్తుంది. ఎక్కడో ఉన్న రైలు, హైవే రాత్రిపూట పక్కనే ఉన్నట్టు వినపడేది అందుకే. అంటే మీరు ఇల్లు చూసింది శబ్దం అతి తక్కువగా వినపడే వేళ, అదీ సెలవు రోజు. నేను చేసిన పనే నువ్వూ చేశావు.

కాబట్టి మళ్లీ వెళ్లు. పనిదినాల్లో, కనీసం మూడు వేళల్లో: తెల్లవారుజామున, బడి వదిలే సమయంలో, రాత్రి పది నుంచి పన్నెండు దాకా. పడగ్గదిలో కిటికీ తెరిచి పావుగంట, మూసి పావుగంట కూర్చో. మాట్లాడకు, ఫోన్ చూడకు. మూసినా గోడలోంచి 'గుంయ్'మని లోతైన శబ్దం వస్తోందంటే దాన్ని పరదాలు, తలుపులు ఆపలేవు. మోటార్లు, జనరేటర్లు, పెద్ద ఇంజన్లు చేసే శబ్దం అలాంటిది. సన్నని శబ్దాలనైతే సందులు మూసి చాలావరకు ఆపొచ్చు.

ఫోన్లో శబ్దం ఎంతుందో డెసిబెల్స్‌లో కొలిచే యాప్ పెట్టుకుంటే పెట్టుకో, కానీ అది చూపే అంకె సుమారే. రెండు ఇళ్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది. పడగ్గదిలో రాత్రి సగటున 30 డెసిబెల్స్ దాటకూడదని, మధ్య మధ్యలో వచ్చే శబ్దాలు 45 దాటితే నిద్ర చెడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. 2009లో యూరప్ కోసం రాసినప్పుడు రాత్రి ఇంటి బయట 40 మించొద్దంది. సగటు చూసి మోసపోకు. గంటకు నాలుగు లారీలు వెళ్తే సగటు మరీ పెద్దగా ఉండకపోవచ్చు, కానీ నాలుగుసార్లూ నీ బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది.

మెయిన్ రోడ్డుకు కాస్త దూరమే కదా అని సర్దిచెప్పుకోకు. ఎప్పుడూ పారే ట్రాఫిక్ మోత, దూరం రెట్టింపైతే దాదాపు 3 డెసిబెల్స్ తగ్గుతుంది, అంతే. చెవికి సగం అయినట్టు అనిపించాలంటే 10 దాకా తగ్గాలి. దూరం కంటే అడ్డం ముఖ్యం. మధ్యలో సందుల్లేకుండా ఒక వరస ఇళ్లు ఉంటే ఎంతో మేలు. ఒక వరస చెట్లు ఉంటే కంటికి రోడ్డు కనపడదు గానీ చెవికి వినపడుతూనే ఉంటుంది. సిగ్నల్, స్పీడ్ బ్రేకర్, ఎత్తు ఎక్కే రోడ్డు, ఈ మూడింటిలో ఏది ఇంటి ముందున్నా పెద్ద బళ్లు గేరు మార్చేది అక్కడే.

విమానాల దారి ఉందేమో ఒక్కరోజులో తేల్చలేవు. విమానాలు వీలైనంతవరకు ఎదురుగాలిలోనే నేల మీంచి లేస్తాయి, దిగుతాయి. గాలి మారితే దారి మారుతుంది. నువ్వు వెళ్లిన రోజు ఆకాశం ఖాళీగా ఉండొచ్చు. ఏడాది పైబడి ఉంటున్నవాళ్లనే అడగాలి. చుట్టుపక్కల ఖాళీ స్థలాల్లో ఏం రాబోతోందో, కొత్త రోడ్డు ఏమైనా ప్లాన్‌లో ఉందో స్థానిక ఆఫీసులో కనుక్కోండి.

ఇప్పుడు నా భయం దగ్గరికి వస్తాను. బస్సు స్టాపు నుంచి ఇంటి దాకా రాత్రి తొమ్మిదింటికి నడిచి చూడు. మొదటిసారి అల్లుడు గారిని వెంట తీసుకెళ్లు, ఒంటరిగా వెళ్లావని తెలిస్తే నీతో మాట్లాడను. నడుస్తూ లెక్కపెట్టు: రోడ్డు వైపు తెరుచుకున్న వాకిళ్లు ఎన్ని, వెలుగుతున్న కిటికీలు ఎన్ని, ఆపద వస్తే తట్టడానికి తలుపు ఎక్కడుంది. వరసగా వంద అడుగులు నడిచినా ఒక్క వాకిలీ రాలేదంటే ఆ దారి నాకు వద్దు. దీపం ఒక్కటీ చాలదు. మా గోడ పక్కనా దీపాలు వెలుగుతూనే ఉండేవి, వాటి కింద మనుషులే లేరు. ఆడపిల్లలు, ముసలివాళ్లు ఆ వేళకు ఏ బెరుకూ లేకుండా తిరుగుతున్నారా చూడు.

నేరాల లెక్కలు దొరికితే చూడు, కానీ జాగ్రత్త. బజారు, స్టేషన్ ఉన్న చోటుకు బయటి నుంచి వేలమంది వస్తారు కాబట్టి అక్కడ దొంగతనాల సంఖ్య పెద్దగా ఉంటుంది. ఇళ్లు తక్కువున్న చోట సంఖ్య చిన్నగా కనిపిస్తుంది. కంప్లైంట్ ఇవ్వనివి అసలు లెక్కలోకే రావు. మీ అమ్మకు జరిగింది ఏ లెక్కలోనూ లేదు.

పొరుగువాళ్లను "ఇక్కడ సేఫేనా?" అని అడగకు, ఎవరైనా సేఫే అంటారు. "మీ అమ్మాయి రాత్రి ఎన్నింటి దాకా ఒక్కతే వస్తుంది?" అని అడుగు. "రాత్రి కిటికీలు తెరుచుకుని పడుకుంటారా?" అని అడుగు. వాళ్లు జవాబు చెప్పే ముందు ఎంతసేపు ఆలోచించారో గమనించు.

బుజ్జిదానికి నాలుగేళ్లు, అందుకని ఇంకొక్కటి. ఇంటి ముందు బళ్లు ఎంత వేగంగా పోతున్నాయో చూడు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవర్ చూసి బ్రేకు వేసి ఆగేసరికి దాదాపు 13 మీటర్లు వస్తుంది. 50తో వస్తే దాదాపు 27, రెండింతలకు పైనే. అది పొడి రోడ్డు మీద, ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపేవాడి సంగతి. బంతి వెనక పరుగెత్తే పిల్లకు ఆ తేడా చాలా పెద్దది. వెడల్పుగా, తిన్నగా, ఖాళీగా ఉన్న రోడ్డు చూసి ముచ్చటపడకు, బళ్లు రెచ్చిపోయేది అక్కడే.

కసిరినట్టు రాశానేమో. ఆ ఇల్లు మంచిదే అయి ఉండొచ్చు. అన్నీ చూశాక కూడా నీకు నచ్చితే, గృహప్రవేశానికి అందరికంటే ముందు వచ్చేది నేనే. మీ అమ్మను వెంటబెట్టుకుని వస్తాను, బస్సు స్టాపు నుంచి ఇద్దరం నడిచే వస్తాం.

మంగళవారం రాత్రి వెళ్తావు కదూ. పదకొండున్నరకు ఆ పడగ్గదిలోంచి నాకు ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటాను. కిటికీ తెరిచి, ఫోన్ గట్టు మీద పెట్టి ఊరుకో, ఏం మాట్లాడకు. కాసేపు నేనూ వింటాను.

నీ
పెద్దమ్మ