1969 కమారోలో ఉన్న గేర్‌బాక్స్ ఆ కారుదేనా కాదా ఎలా తెలుస్తుంది?

1969 షెవ్రొలే కమారో కారు కొనబోతున్నారు, నాలుగు గేర్ల మాన్యువల్ ఉంది, అమ్మేవాడు "ఒరిజినల్ ఎం22" అంటున్నాడు, నమ్మాలా వద్దా అని అడిగారు. అతని మాట పక్కన పెట్టి కారు కిందకి దూరండి. గేర్‌బాక్స్ పుట్టుపూర్వోత్తరాలు దాని ఒంటి మీదే ఉంటాయి, చదవడం రావాలి అంతే.

ఎం20, ఎం21, ఎం22 అనేవి జనరల్ మోటార్స్ వాళ్ల మన్సీ గేర్‌బాక్స్‌లో మూడు రకాలు. అందుకే ముందు అది మన్సీ గేర్‌బాక్సేనా అన్నది చూడండి. పక్క మూతకి ఏడు బోల్టులు, రివర్స్ లీవర్ మాత్రం ఆ మూత మీద కాకుండా వెనక తోక భాగంలో ఉంటే మన్సీ. మూడు లీవర్లూ మూత మీదే ఉండి, కేసు (బయటి డొల్ల) ఇనుముదైతే అది సాగినా అనే వేరే గేర్‌బాక్స్. తొమ్మిది బోల్టులుంటే బోర్గ్ వార్నర్ కంపెనీ వాళ్ల టీ-10. ఆ టీ-10 తయారైన వార్నర్ గేర్ ఫ్యాక్టరీ కూడా ఇండియానాలోని మన్సీ ఊళ్లోనే ఉండేది, కానీ ఊరి పేరు మాత్రం జనరల్ మోటార్స్ వాళ్ల గేర్‌బాక్స్‌కే స్థిరపడిపోయింది.

ఇక అసలు సంగతి. మా బావమరిది కొలంబస్ దగ్గర ఒకాయన గరాజ్‌లో సరిగ్గా మీరు చెప్పినలాంటి కారే చూశాడు. ఓహాయోలోనే నార్వుడ్ ప్లాంటులో తయారైన కారు. "బావా, ఎం22 అంట, నంబర్లన్నీ మ్యాచింగ్ అంట, అన్నీ ఈ కారుతో వచ్చినవేనట, అందుకే మూడు వేల డాలర్లు ఎక్కువ చెబుతున్నాడు" అని ఫోన్. నేనొచ్చి చూసేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దని చెప్పి వెళ్లాను. కారు స్టాండ్ల మీద ఉంది. అమ్మేవాడు టార్చి వేసి మరీ చూపించాడు, కేసు పక్కన పెద్ద అంకెల్లో 3925660. "1969కి కరెక్ట్ నంబర్ ఇదే, కావాలంటే చూసుకోండి" అన్నాడు. కరెక్టే. కానీ అది పోత నంబర్, అంటే లోహం పోసేటప్పుడు అచ్చులోనే పడేది. 1968 నుంచి 1970 దాకా అదే నంబర్ ఉన్న కేసులు వేలల్లో పోశారు, ఎం20కీ అదే, ఎం21కీ అదే, ఎం22కీ అదే. దాన్ని చూపించి ఇది ఈ కారుదే అనడం, ఇంటిపేరు ఒకటే కాబట్టి మా తమ్ముడే అన్నట్టు ఉంటుంది.

చూడాల్సింది పోత నంబర్ కాదు, స్టాంపు. కేసు కుడివైపు, వెనక తోక భాగం బిగించే అంచు దగ్గర చిన్న అక్షరాలు కొట్టి ఉంటాయి. అక్కడ ఏళ్ల నాటి గ్రీజూ మట్టీ గట్టిపడి అట్ట కట్టేసి ఉంది. బ్రేక్ క్లీనర్ కొట్టి, కాసేపు నాననిచ్చి, ఇత్తడి బ్రష్‌తో మెల్లగా రుద్దుతుంటే ఒక్కో అక్షరం పైకి తేలింది: పి 0 సి 18 ఎ. పి అంటే మన్సీ ప్లాంటు. 0 అంటే 1970. సి అంటే మార్చి. 18 తారీఖు. చివరి ఎ అంటే ఎం20. ఎం21 అయితే బి, ఎం22 అయితే సి ఉండాలి. 1969 మోడల్ కమారోల తయారీ 1969 నవంబర్‌లోనే ఆగిపోయింది. ఇక 1970 మార్చిలో పుట్టిన గేర్‌బాక్స్ అందులోకి ఫ్యాక్టరీలో ఎలా వస్తుంది?

దాని దగ్గర్లోనే ఇంకో వరుస ఉంది. నార్వుడ్ కమారోదైతే అది 19ఎన్ అని మొదలవ్వాలి, 1 షెవ్రొలేకి, 9 మోడల్ సంవత్సరానికి, ఎన్ నార్వుడ్‌కి, ఆ తర్వాత ఆరంకెలు అద్దం కింద డాష్‌బోర్డు మీదున్న వీఐఎన్ (కారు గుర్తింపు నంబర్) చివరి ఆరంకెలతో కలవాలి. ఇక్కడ 20పి అని ఉంది. 2 అంటే పోంటియాక్ బ్రాండ్. 0 అంటే 1970. పి అంటే మిషిగన్‌లోని పోంటియాక్ ప్లాంటు. నన్నడిగితే అది బహుశా ఏదో పోంటియాక్ జీటీఓ కారు కిందనుంచి ఊడదీసినదే. అమ్మేవాడికి చూపిస్తే "ఫ్యాక్టరీలో పొరపాటున కొట్టి ఉంటారు" అన్నాడు! నాకు మండిపోయింది. రెండు స్టాంపులూ ఒకే కథ చెబుతుంటే పొరపాటెక్కడిది?

తారీఖు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. 1968 శరదృతువులో తయారైన కారు కూడా 1969 మోడలే, దాని గేర్‌బాక్స్ మీద 8 ఉంటుంది, అది సరైనదే. గేర్‌బాక్స్ తారీఖు కారు తయారీకి కాస్త ముందుండాలి, తర్వాత మాత్రం ఉండకూడదు. నెలల అక్షరాలు కూడా మే నెల అక్షరం 'ఇ' దాకే వరుసగా వెళ్తాయి, జూన్‌కి హెచ్, జూలైకి కె, ఆగస్టుకి ఎం, అలా గెంతుతాయి.

స్టాంపు కేసు గురించే చెబుతుంది, లోపలి గేర్లు ఎవరైనా మార్చి ఉండొచ్చు. ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి, స్పార్క్ ప్లగ్‌లు తీసి, వెనక చక్రాలు లేపి, ఫస్ట్ గేర్‌లో ఇంజిన్‌ని చేత్తో తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే పొడవాటి గొట్టం) ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ రెండున్నర చుట్లు తిరిగితే ఎం20, రెండు చుట్లూ ఇంకాస్త తిరిగితే ఎం21 లేదా ఎం22. ఆ రెండింటికీ ఫస్ట్ గేర్ నిష్పత్తి 2.20యే కాబట్టి తేడా తేలాలంటే గేర్‌బాక్స్ దించి ఇన్‌పుట్ షాఫ్ట్ మీద గాట్లు చూడాలి. రెండు గాట్లుంటే ఎం20, ఒకటైతే ఎం21, అసలు లేకపోతే ఎం22. ఎం22లో గేర్ల పళ్ల ఏటవాలు తక్కువ, అందుకే ఎక్కువ రొద, అందుకే రాక్ క్రషర్ (రాళ్లు పిండిచేసే యంత్రం) అన్న పేరు. ఆ పేరొకటి దొరికాక బేరింగులు అరిగి మూలుగుతున్న ప్రతి డబ్బానీ రాక్ క్రషర్ అని అమ్మేస్తున్నారు.

చివరికి ఆ మూడు వేలూ తగ్గించాకే మా వాడు కారు కొన్నాడు. ఆ తర్వాత ఒక రిపేరు షాపు వాడు అన్నమాట నాకు ఇంకా మింగుడుపడలేదు: "పాత నంబర్ అరగదీసి మీ కారు నంబర్ కొట్టిస్తాం, ఎవరికీ తెలీదు." ఇది దొంగ సంతకం. పైగా ఆ పోంటియాక్ ఇంకా ఎక్కడో బతికే ఉండొచ్చు, దాని యజమాని ఇదే నంబర్ కోసం వెతుకుతూ ఉండొచ్చు. ఆ ఆరంకెలు చెరిపితే ఆయనకున్న ఒక్క దారీ మూసేసినట్టే. ఎం20 మంచి గేర్‌బాక్స్, రోడ్డు మీద నడపడానికి ఎం22 కన్నా హాయి, ఉన్నదున్నట్టు ఉంచుకుంటే దానికొచ్చిన లోటేమీ లేదు. మా వాడు ఉంచేశాడు, స్టాంపు ఫొటో తీసి జీటీఓ వాళ్ల గ్రూపుల్లో పెట్టాడు కూడా.

మీరూ ఫొటో తీయండి. టార్చి ఎదురుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా పట్టండి, అప్పుడే లోతు తక్కువగా పడిన అక్షరాలు కనిపిస్తాయి, అరగదీసి మళ్లీ కొట్టి ఉంటే ఆ గీతలు కూడా బయటపడతాయి. స్టాంపు చూడనివ్వకపోతే బేరం మాట్లాడకండి.